బంగారు పూత నాణేలు, నకలు నాణేలకు విలువ ఎలా కడతారు?

నాణేల గురించి తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. మా తాతగారు దాచిన నాణేలు ఇప్పుడు నా దగ్గరకు వచ్చాయి. వాటిని ఇంట్లోవాళ్లం పంచుకోవాలి, అందుకే ఎవరికీ అన్యాయం జరగకుండా సరైన విలువ తెలుసుకోవాలని నా తపన.

ఒకటి 1933 నాటి అమెరికా ఇరవై డాలర్ల బంగారు నాణెం డబుల్ ఈగిల్‌లా ఉంది. అసలుది 33.4 గ్రాములు, అందులో 90 శాతం బంగారం. నాది సైజులో సమానమే కానీ బరువు దాదాపు సగమే. అంచు దగ్గర చిన్నగా 'కాపీ' అని ఇంగ్లీషులో ఉంది. కాబట్టి నకలేనని నాకు అర్థమైంది. అయస్కాంతానికి అంటుకోలేదు, కానీ ఇత్తడి, రాగి కూడా అంటుకోవు కదా, దాన్నిబట్టి ఏమీ తేలదు. ఇలాంటివాటిని సేకరించేవాళ్లు నిజంగా ఉంటారా?

నా అసలు సందేహం రెండోదాని గురించి. అది అమెరికన్ సిల్వర్ ఈగిల్ అనే వెండి నాణెం, బరువు 31.1 గ్రాములు సరిగ్గా ఉంది, పైన బంగారు పూత. పూత మైక్రాన్‌లో పదో వంతు మందం ఉంటే అందులో బంగారం కొన్ని మిల్లీగ్రాములే, దానికి లెక్క కట్టనక్కర్లేదు. మరి మామూలు వెండి ధర వస్తుందా, లేక పూత వేసినందుకు సేకరణ విలువ పోయిందని తగ్గిస్తారా? పూత తీయించమని ఒకరు అన్నారు, నాకైతే అది నాణేన్ని ఇంకా పాడుచేస్తుందనిపిస్తోంది. ఇలాంటివి అమ్మిన అనుభవం ఉన్నవాళ్లు ఏం చేశారో చెప్పగలరా?