అరుదైన పదం రికార్డు చేస్తే చాలు, మెచ్చుకోవాల్సిందేనా?

ముఖారి
క్షేత్రయ్య పదాలతో, అంటే ఆయన కట్టిన శృంగార గీతాలతో, ఎవరు ఆల్బమ్ తెచ్చినా సమీక్షలన్నీ ఒకే అచ్చులో వస్తున్నాయి. మరుగున పడ్డ నిధిని వెలికితీశారని మొదలవుతుంది. మొవ్వ గోపాలుడి మీద రెండు పేరాలు, 17వ శతాబ్దపు తంజావూరు మీద ఇంకొకటి, చివర్లో "కృషి అభినందనీయం". పాట ఎలా పాడారో మాత్రం ఎక్కడా ఉండదు.

ఈ మధ్య విన్న ఒక రికార్డింగ్ చెప్తాను, పేరు వద్దు. విళంబంలో, అంటే బాగా నెమ్మదిగా, నడవాల్సిన త్రిపుట తాళం పదాన్ని దాదాపు మధ్యమకాలం వేగంలో లాగించేశారు. మూడు చరణాలుంటే ఒక్కటే పాడారు. మాట మధ్యలో ఊపిరి తీసుకోవడంతో నాయిక నిష్ఠూరం కాస్తా బతిమాలినట్టు వినిపించింది. దాని మీద నేను చదివిన రెండు సమీక్షల్లోనూ ఈ ఊసే లేదు.

త్యాగరాజ కృతి ఒకరు పాడుచేస్తే, సరిచూసుకోవడానికి ఎన్నో రికార్డులున్నాయి. ఎవరూ పాడని పదానికి ఆ ఒక్క రికార్డే పాఠం, అంటే పాడాల్సిన తీరు, అయిపోతుంది. రేపు నేర్చుకునే పిల్లలు దాన్నే పట్టుకుంటారు. కాబట్టి అరుదైన వాటి దగ్గరే సమీక్షకులు మరింత గట్టిగా ఉండాలంటాను. మీరేమంటారు?

గజ్జెలు, డల్లాస్
ముఖారి గారూ, మీ బాధ తెలుస్తోంది గానీ ఒప్పుకోలేను. కచేరీలో పదానికి మిగిలే చోటెంతండీ? తని (మృదంగం వాళ్ల సోలో) అయిపోయి సగం మంది లేచాక, చివర్లో పాడే చిన్న పాటల్లో, అంటే తుక్కడాల్లో, ఒకటి. అదీ టైముంటేనే. నాట్యానికి మేం పాడించుకుంటున్నాం కాబట్టి కొన్నైనా వినపడుతున్నాయి. సొంత డబ్బు పెట్టి స్టూడియోలో పదాలు పాడినవాళ్లకి దక్కేది ఆ నాలుగు మంచి మాటలే. అవీ లేకపోతే రెండో ఆల్బమ్ చేయరు.

అన్నమయ్యని తలుచుకోండి. రాగిరేకులు తిరుమల సంకీర్తన భాండాగారంలో 1922 దాకా మూలన పడి ఉన్నాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారు వరసలు కట్టారు. ఎమ్మెస్ గారి రికార్డులు వాటిని ఇంటింటికీ చేర్చాయి. అసలు వరస ఇదేనా అని ఆనాడే నిలదీసి ఆపేసుంటే ఈ కీర్తనలు మన నోట ఉండేవా?

కృష్ణాతీరం
అమ్మా, ఆ పోలిక కుదరదు. అన్నమయ్య రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది, పాడే వరస లేదు. కట్టినది కొత్త వరస, కట్టినవారెవరో మనకి తెలుసు. పదం వచ్చిన దారి వేరు. కలావంతుల (ఆటపాటలే వృత్తిగా ఉన్న దేవదాసీల) ఇళ్లలో ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి చేరుతూ వచ్చింది. మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంటి పాఠం ఆవిడ మనవరాళ్లు బృంద, ముక్త గార్ల గొంతుల్లో రికార్డయి ఉంది. సమీక్ష రాసేవారు ముందు ఆ పాఠం వినాలి.

మన కోస్తా జిల్లాల పాఠాలకు ఆ అదృష్టం కలగలేదు. దేవదాసీ పద్ధతిని నిషేధించిన 1947 చట్టం తర్వాత ఎన్నో ఇళ్లలో పాట ఆగిపోయింది. పిల్లలకు చెప్పడం మానేశారు. చెప్తే ఎవరు ఏమంటారోనని భయం. ఆ గుమ్మాలెక్కి రికార్డు చేసుకున్నవాళ్లు తక్కువ. నాకిప్పటికీ మనసు కష్టపెట్టే విషయమిది.

ఘంటా రాగాన్నే తీసుకోండి. ధన్యాసి, పున్నాగవరాళి ఛాయలు అందులో ఎక్కడ ఎంత తొంగిచూడాలో కాగితం మీద స్వరాలు చూసి చెప్పలేం. పదం పాడినవాళ్ల నోట వినాల్సిందే. విననివాళ్లు పాడిందాన్ని, విననివాళ్లే మెచ్చుకుంటే ఆ రాగం గతేమిటి?

వీణపాఠం
నా అనుభవం చెప్తాను. బాగా పొగిడారని ఒక రికార్డింగ్ కొని, అందులోని పదాన్ని మూడు నెలలు సాధన చేశాను. మా టీచర్‌గారు విని, అనుపల్లవిలో (పల్లవి తర్వాతి భాగంలో) రెండు సంగతులు (వరసలోని మలుపులు) ఆ రాగానివి కావన్నారు. నేర్చుకోవడానికి మూడు నెలలు, మరిచిపోవడానికి ఆరు నెలలు పట్టింది. వేళ్లు ఇప్పటికీ అటే వెళ్తాయి. ఆ సమీక్షలో ఒక్క వాక్యం హెచ్చరిక ఉంటే బాగుండేది.

గజ్జెలు, డల్లాస్
నిజమే, కష్టమే. కానీ వీణపాఠం గారూ, ఆ రికార్డు లేకపోతే అలాంటి పదం ఒకటుందని మీకు తెలిసేదా? తప్పుంటే టీచర్‌గారు దిద్దారు. ఏమీ లేకపోతే దిద్దడానికి ఏముంటుంది? నా మాట మీద నేనున్నాను.

ముఖారి
ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అయినా మెచ్చుకోవద్దని నేననలేదమ్మా. మెచ్చుకుంటూనే ఆ పాఠాంతరం (పాడిన పాఠం) ఎవరి దగ్గరిదో, ఎన్ని చరణాలు వదిలేశారో, కాలప్రమాణం (వేగం) ఎందుకు మార్చారో అడగమంటున్నాను. గాయకులు జవాబు చెప్తే మనకూ తెలుస్తుంది.

సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయపురం నుంచి సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే పుస్తకాన్ని తెలుగు లిపిలో వేయించారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులే రెండు వందలకు పైగా అందులో ఉన్నాయి. గమకం (స్వరాన్ని ఊపే తీరు) ఎక్కడ ఏది పలకాలో గుర్తులు పెట్టి మరీ ఇచ్చారు. అందుకే ఈరోజు ఎవరైనా అందులోని అరుదైన కృతి పాడితే, పుస్తకం తెరిచి ఇక్కడ పక్కకి వెళ్లారని చెప్పగలం. రెండేళ్లలో, 1906లో, ఆయన పోయారు. ఆ వయసులో అంత చాకిరీ చేసిన మనిషిని తలుచుకున్నప్పుడల్లా, రెండొందల మాటల సమీక్షలో పాఠాంతరం గురించి ఒక్క మాట రాయడానికి మనకి తీరిక లేదా అనిపిస్తుంది.

కృష్ణాతీరం
ఈ చర్చ చదివాక నిన్న అటక మీద పెట్టె దించాను. మచిలీపట్నంలో మా ఇంటి పక్కనుండే పెద్దావిడ పాడిన క్యాసెట్ ఉంది. మా నాన్నగారు 1980ల్లో రికార్డు చేశారు. ఆవిడ తన పేరు బయటపెట్టొద్దని అప్పుడే మాట తీసుకున్నారు, కాబట్టి రాయను. తంబురా లేదు, వెనకాల కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. అనుపల్లవితో ఎత్తుకుని, మూడు చరణాలూ పాడారు. రెండో చరణం అయ్యేసరికి టేపు ఒక వైపు అయిపోయింది. ఆవిడ ఆగి, తిప్పాక మూడోది మొదలుపెట్టారు.

టేపు బూజు పట్టింది, ఇంట్లో పెట్టి తిప్పాలంటే భయంగా ఉంది. జాగ్రత్తగా డిజిటల్‌లోకి మార్చేవాళ్లు విజయవాడలో ఎవరైనా తెలిస్తే చెప్పండి. అయ్యాక ఇక్కడే పెడతాను. గజ్జెలు అమ్మా, మీరే ముందు వినాలి.