ఎయిర్‌లిఫ్ట్ సినిమాలో మన కోయిట్ (కువైట్) ఆడోళ్ళు ఎందుకు లేరు? 1990లో వచ్చినవాళ్ళు మీ ఇంట్లో ఉన్నారా?

రేవతి_మంగళం (తిరుపతి):
మొన్న ఇంట్లో అందరం కూర్చోని ఎయిర్‌లిఫ్ట్ చూసినాం, 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకున్న మనోళ్ళని విమానాల్లో తెచ్చిన కథ అది. సినిమా అయిపోయినాక మా పెద్దమ్మ ఒకటే మాట అనింది, "ఇండ్లల్లో పనిచేసేవాళ్ళు ఒక్కరన్నా కనపడలేదే" అని. అక్షయ్ కుమార్ వేసింది పెద్ద వ్యాపారి పాత్ర, అది కల్పన, అప్పుడు కువైట్‌లో మనోళ్ళకి నిజంగా సాయం చేసిన మాథ్యూస్ అనే వ్యాపారి లాంటి కొందరిని చూసి రాసుకున్నది. దాని గురించి నాకేం గొడవ లేదు. కానీ పీలేరు, రాయచోటి, రాజంపేట పక్కనుంచి ఖాదిం వీసా (ఇంటిపని వీసా) మీద పోయిన ఆడోళ్ళు ఎంతమంది ఉంటారు మనకి?

ఆగస్టు 2న ఇరాక్ వాళ్ళు వచ్చేటప్పటికి పెద్దమ్మ పనిచేసే ఇంటి బాబా, మామా (యజమానీ, ఆయన భార్యా) ఎండాకాలం సెలవులకని వేరే దేశంలో ఉన్నారు, ఇంట్లో తనూ ఇంకో శ్రీలంక ఆమే ఇద్దరే, పాస్‌పోర్టేమో బాబా బీరువాలో, బీగం ఆయన దగ్గర. బయటికి పోతే సైనికులు, లోపల ఉంటే బియ్యం ఎన్నాళ్ళు వస్తాయో తెలీదు. బస్సులు పోతాండాయని పక్కింటి మలయాళీ డ్రైవర్ చెప్పేదాకా వీళ్ళకి ఏమీ తెలీదంట. పాస్‌పోర్ట్ లేకుండానే బయల్దేరింది, మన ఎంబసీ వాళ్ళు రాసిచ్చిన కాయితం ఒక్కటే చేతిలో. ఇట్లాంటివి మీ ఇండ్లల్లో ఎవరికైనా జరిగింటే చెప్పండి, రాసి పెట్టుకోవాలని ఉంది నాకు.

బాషా_పీలేరు:
అక్కా మా నాయన అప్పుడు అక్కడ మేస్త్రి. బస్సులో బాస్రా, అక్కడ్నించి బాగ్దాద్, ఆ తర్వాత జోర్డాన్ సరిహద్దు. సినిమాలో ఈ దారి తొందరగా అయిపోతుంది గానీ నాయన ఇప్పటికీ చెప్పేది ఆ ఎడారి గుడారాల గురించే, పగలు నిలబడలేని ఎండ, నీళ్ళ ట్యాంకర్ వస్తే తోపులాట, ముసిలోళ్ళకీ పసిబిడ్డలకీ ముందు ఇప్పించడానికి మనోళ్ళే అడ్డం నిలబడినారంట. అమ్మాన్‌లో ఎయిరిండియా ఎక్కి బాంబేలో దిగి మద్రాస్ మెయిల్‌లో రేణిగుంట వచ్చినాడు. మిగిల్చుకున్న దినార్లు చెల్లలేదు, ఇరాక్ వాళ్ళు కువైట్ దినార్‌ని తమ చవక దినార్‌తో సమానం చేసి పారేసినారు కదా. వీసాకని తెచ్చిన అప్పు మాత్రం ఊర్లో వడ్డీతో సహా అట్లే ఉండాది, మా అవ్వ కమ్మలు అమ్మి కొంత కట్టింది.

శ్రీనివాస్_చిత్తూరు:
రేవతిగారూ మీ బాధ అర్థమైంది, కానీ రెండు గంటల సినిమాలో అందరూ పట్టరు కదండీ. ఆ సినిమా రాకపోతే ఈ సంగతి మా పిల్లలకి తెలిసేదే కాదు. నాకు నచ్చనిది వేరే, విదేశాంగ శాఖని పట్టించుకోనట్టు చూపించినారు, అప్పట్లో పనిచేసిన అధికారులే దాన్ని తప్పుపట్టినారు. అప్పటి విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ పోయి సద్దాంని కలిసి మాట్లాడినాడు, కౌగిలించుకున్న ఫోటో మీద ఎన్ని మాటలు పడినాడో. గల్ఫ్ విభాగం చూసే ఫేబియన్ అనే అధికారి పేరు ఎంతమందికి తెలుసు? ఆగస్టు 13 నుంచి అక్టోబర్ 11 దాకా 488 విమానాలు, దాదాపు 1,70,000 మంది. ఆ పైలట్లూ సిబ్బందీ కూడా మనం మర్చిపోయినవాళ్ళే.

సుధ_మదనపల్లె:
సినిమాలో ఎట్లాగూ రాని ఇంకో సంగతి నష్టపరిహారం. ఐక్యరాజ్యసమితి వాళ్ళు ఇరాక్ చమురు డబ్బుల్లోంచి ఇప్పించినారు. కువైట్ వదిలి రావాల్సొచ్చినోళ్ళకి ఒంటరిగా అయితే 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000, ఇంక వేరే నష్టం ఏదీ అడగం అని రాసిస్తే 4,000, 8,000. మా మేనత్తకి ఒక్క రూపాయి రాలేదు. ఫారం పెట్టాలని చెప్పినవాళ్ళు లేరు, ఆమెకి చదువు లేదు, ఆఫీసుల్లో పనిచేసిన మొగోళ్ళకేమో తోటి ఉద్యోగులు చెప్పుకున్నారు. మొత్తం చెల్లింపులు 2022లో ముగిసినాయి, 5,240 కోట్ల డాలర్లు. అందులో మా అత్తలాంటి వాళ్ళ వాటా గురించి తల్చుకుంటే కడుపు మండుతుంది.

రేవతి_మంగళం:
శ్రీనివాస్ గారూ, అధికారులకి పేరు రావాలన్నది నేనూ ఒప్పుకుంటా. కాకపోతే వాళ్ళ కథ చెప్పడానికి పుస్తకాలున్నాయి, రికార్డులున్నాయి. బాబా బీరువాలో పాస్‌పోర్ట్ ఉండిపోయిన మనిషి కథ ఆమె నోట్లో తప్ప ఇంకెక్కడుంది చెప్పండి.

సుధా, పెద్దమ్మకి కూడా డబ్బులు రాలేదు. యుద్ధం అయిపోయినాక అప్పు తీర్చడానికి మళ్ళీ కువైట్‌కే పోయింది, ఈసారి వేరే ఇంటికి.

బాషా అన్నా, మీ నాయన సరిహద్దు గుడారాల్లో ఏ నెలలో ఉన్నాడో కనుక్కోని చెప్తావా? పెద్దమ్మ సెప్టెంబర్ అంటాంది, రాయచోటి పక్క ఆడోళ్ళు చాలామంది ఒకే చోట ఉన్నారంట. నాయనకి ఇష్టమైతే ఆదివారం పీలేరు వచ్చి పెద్దమ్మనీ ఆయన్నీ కూర్చోబెట్టి ఫోన్లో రికార్డ్ చేస్తా.

బాషా_పీలేరు:
రా అక్కా, నాయన ఇంట్లోనే ఉంటాడు. పొద్దున్నే అయితే మంచిది, మధ్యాహ్నం మందులేసుకోని పడుకుంటాడు. అడిగితే సెప్టెంబర్ మొదట్లో అన్నాడు.