మీటర్ మైనస్ 12 దాటకపోయినా డప్పు రికార్డింగ్‌లో శబ్దం పగులుతోంది, ఎందుకు?

ఇంట్లో 10×12 అడుగుల గదిలో తోలు డప్పు రికార్డ్ చేస్తున్నాను. ఒకటే కండెన్సర్ మైక్, రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైక్ సిగ్నల్‌ను కంప్యూటర్‌కి పంపే పెట్టె), 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్‌కి కేబుల్ ద్వారానే అందే కరెంటు), 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. మైక్ డప్పుకు అడుగు దూరంలో, ఎదురుగా ఉంది.

ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ (మైక్ సిగ్నల్‌ను పెంచే మోతాదు) పూర్తిగా తగ్గించేశాను. సాఫ్ట్‌వేర్ మీటర్‌లో పీక్ మైనస్ 12 డెసిబెల్స్ దాటదు (మీటర్ గరిష్ఠ హద్దు 0), ఇంటర్‌ఫేస్ మీద ఎర్ర లైటు కూడా వెలగదు. అయినా చిర్రతో (లావు పుల్లతో) గట్టిగా కొట్టిన ప్రతి దెబ్బకీ 'చర్ర్' మని పగిలిన శబ్దం వస్తోంది. వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూస్తే ఆ దెబ్బల కొనలు కత్తిరించినట్టు చదునుగా ఉన్నాయి. చిటికెన పుల్ల (సన్న పుల్ల) దెబ్బలు మాత్రం శుభ్రంగా, ముద్దుగా పడుతున్నాయి. డప్పు కాచకముందు ఇబ్బంది తక్కువ. మంట దగ్గర కాచి తోలు బిగిశాక బాగా ఎక్కువ.

సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే ఆడియో శాంపిళ్ల సంఖ్య) 128 నుంచి 512కి పెంచాను, కేబుల్ మార్చాను, తేడా లేదు. మైక్‌ను 5 అడుగులు వెనక్కి జరిపితే పగులు పోయింది కానీ గది మోత వచ్చి పడింది. డప్పుకి ప్రాణం ఆ దగ్గరి దెబ్బే, అది పోగొట్టుకోవడం ఇష్టం లేదు. మైక్ మీద ప్యాడ్ స్విచ్ (సిగ్నల్‌ను మైక్‌లోనే తగ్గించే మీట) లేదు.

మీటర్ ఇంత తక్కువ చూపిస్తున్నప్పుడు ఓవర్‌లోడ్ అవుతున్నది మైకా, ఇంటర్‌ఫేస్ ప్రీఆంపా (అందులో మైక్ సిగ్నల్‌ను పెంచే భాగమా)? అది ఎలా తేల్చుకోవాలి?