భయంతో మొరిగే కుక్కను మార్చేది చికెన్ ముక్కా, గొలుసా?

కొండాపూర్ నివాసిని:
మా ఇంట్లో గౌరి అనే నాటు కుక్క ఉంది. వీధిలో పుట్టి, బాగా ఎదిగిన తరువాతే మా దగ్గరకు వచ్చింది. ఇంట్లో ఎంతో నెమ్మదిగా ఉంటుంది. లిఫ్టు తలుపు తెరుచుకుని ఎదురుగా మనిషి కనిపిస్తే మాత్రం తోక ముడిచి నా కాళ్ల వెనక్కు నక్కుతుంది, మరుక్షణమే ముందుకు ఉరికి మొరుగుతుంది. హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రవాళ్లంటే మరీ భయం. దూరం నుంచి మనుషులను చూపిస్తూ ఉడికించిన చికెన్ ముక్కలు పెట్టమని ఒక శిక్షకురాలు చెప్పారు. గొలుసు బిగించి నాలుగు తగిలిస్తే దారికి వస్తుందని మా అపార్ట్‌మెంట్ సంఘంవారు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సైనిక్‌పురి మాజీ సైనికుడు:
అమ్మా, నేను చాలా ఏళ్లుగా జర్మన్ షెపర్డ్‌లను పెంచుతున్నాను. మొరిగే కుక్క నోటికి మాంసం అందిస్తే, మొరిగినందుకు బహుమానం ఇచ్చినట్లే అవుతుంది. రేపు చికెన్ కోసమే మొరుగుతుంది. లాగితే మెడకు బిగుసుకునే గొలుసును, అంటే చోక్ చైన్‌ను, ఒక్కసారి చురుక్కుమనేలా లాగి వదిలితే తప్పేదో ఒప్పేదో దానికి తెలిసివస్తుంది. మా కుక్కలన్నీ అలాగే నేర్చుకున్నాయి.

రాజేంద్రనగర్ పశువైద్యుడు:
మాజీ సైనికుడుగారి సందేహం చాలామందికి ఉన్నదే కనుక వివరంగా చెబుతాను. కూర్చోమంటే కూర్చున్నందుకు ముక్క పెట్టడం ఒక పద్ధతి. అక్కడ మనం ఒక పనికి ప్రతిఫలం ఇస్తున్నాం. భయపడే కుక్క విషయంలో చేసేది అది కాదు. గంట శబ్దానికి, ఆహారానికి కుక్క మనసులో ముడిపడే సంబంధాన్ని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ వందేళ్ల క్రితమే చూపించాడు. ఇక్కడా హెల్మెట్ మనిషి కనిపించాడంటే చికెన్ వస్తుందన్న సంబంధాన్నే కలుపుతున్నాం. భయం అనేది కుక్క కావాలని చేసే పని కాదు, ముక్క పెట్టినంత మాత్రాన అది పెరగదు.

అయితే వరుస తప్పకూడదు. ముందు మనిషి కనిపించాలి, ఆ తరువాతే ముక్క రావాలి. ముక్క చూపించి మనిషి దగ్గరకు తీసుకుపోతే, చికెన్ సంచి తెరిచారంటే భయపెట్టేది ఏదో రాబోతోందని కుక్క నేర్చుకుంటుంది. దూరం అంతకన్నా ముఖ్యం. కుక్క మనిషిని చూసి కూడా ముక్క తినగలిగి, తిరిగి మీ ముఖం వైపు చూడగలిగినంత దూరంలో మొదలుపెట్టాలి. పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, చెవులు వెనక్కు వాల్చడం, కంటి తెల్లభాగం కనిపించేలా ఓరగా చూడడం, ఇష్టమైన ముక్కను కూడా వదిలేయడం కనిపిస్తే బాగా దగ్గరకు వచ్చేశారని అర్థం. అప్పుడు నచ్చజెప్పడం దండగ, వెనక్కు తిరిగి దూరంగా తీసుకుపోవాలి.

శిక్షణ మొదలుపెట్టే ముందు చెవి, పళ్లు, తుంటి ఎముకలు ఒకసారి పరీక్ష చేయించండి. నొప్పితో ఉన్న కుక్క ఎవరినీ దగ్గరకు రానివ్వదు.

అమీర్‌పేట్ పాఠకుడు:
మా పామరేనియన్ కూడా ఇలాగే చేసేది, వయసు పెరిగాక తానే మానేసింది.

సైనిక్‌పురి మాజీ సైనికుడు:
డాక్టరుగారూ, మీరు మూడు పేరాలు రాసినా నా ప్రశ్న అలాగే ఉంది. కుక్క మొరుగుతూ ఉన్న క్షణంలో ముక్క పెడతారా, పెట్టరా? పెడతానంటే నేను చెప్పింది నిజమైనట్లే. పెట్టనంటే మరి ఆ క్షణంలో ఏం చేస్తారు? మా కుక్కలు గొలుసు వేశాక మళ్లీ నోరెత్తలేదు.

రాజేంద్రనగర్ పశువైద్యుడు:
మొరిగేంత దగ్గరకు రానివ్వకపోవడమే మా పని. పొరపాటున వస్తే, ముక్క గురించి ఆలోచించకుండా అక్కడి నుంచి తప్పుకుంటాం.

మీ కుక్కలు నోరెత్తలేదన్న మాటను నేను కాదనను. కానీ మనిషి కనిపించినప్పుడల్లా మెడ నొక్కుకుంటే, మనిషి అంటేనే నొప్పి అని కుక్కకు గట్టిపడుతుంది. గుర్రుమంటే శిక్ష పడుతుందని నేర్చుకున్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, లోపలి భయం మాత్రం ఎక్కడికీ పోదు. హెచ్చరిక లేకుండా కరిచిందని మా దగ్గరకు తెచ్చే కుక్కల్లో ఇలాంటివి ఉంటాయి. జంతు ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో ప్రవర్తన సమస్యలన్నింటికీ బహుమానంతో నేర్పే పద్ధతులనే సిఫారసు చేసింది. వేల్స్‌లో కరెంటు షాకు కాలర్లను 2010లోనే నిషేధించారు.

మియాపూర్ విద్యార్థి:
మా వీధిలో ప్రతి మలుపులోనూ వీధికుక్కలు ఎదురవుతాయి. దూరం పాటించడానికి చోటెక్కడుందో ఎవరైనా చెప్పండి.

ఎల్బీనగర్ తండ్రి:
ఇంతసేపూ చికెన్ గురించి, గొలుసు గురించి చదివాను. ఆ లిఫ్టులో ఎదురుగా నిలబడిన మనిషి గురించి ఒక్కరూ రాయలేదు. రెండో తరగతి చదివే మా అమ్మాయిని నిరుడు లిఫ్టులో పక్క ఫ్లాటువారి లాబ్రడార్ మోచేతి మీద కరిచింది. ఇదివరకు ఎవరినీ ఏమీ అనలేదని వారన్నారు, పాప భయపడి అరవడం వల్లే జరిగిందన్నారు. సూదుల కోసం నెల పొడవునా మేము ఆసుపత్రికి తిరిగాం. పాప నేటికీ ఒంటరిగా లిఫ్టు ఎక్కదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన యువకుడు పెంపుడు కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. హెల్మెట్ కుర్రవాళ్లంటే గౌరికి భయమని రాశారే, ఆ కుర్రవాళ్లకు ఎంత భయం ఉంటుందో ఆలోచించారా?

కొండాపూర్ నివాసిని:
మీ పాపకు జరిగినదానికి నిజంగా బాధపడుతున్నాను. కానీ ఎవరి కుక్కో చేసినదానికి గౌరిని దోషిని చేయడం అన్యాయం. అది ఇంతవరకు ఎవరినీ కరవలేదు. పెంపుడు జంతువులను లిఫ్టులోకి రాకుండా ఆపవద్దని జంతు సంక్షేమ మండలి 2015లోనే సంఘాలకు సూచించింది.

ఎల్బీనగర్ తండ్రి:
మా పక్కింటివారూ అచ్చం ఈ మాటే అన్నారు.

సైనిక్‌పురి మాజీ సైనికుడు:
నన్ను క్రూరుణ్ణి చేసి మాట్లాడుతున్నారు కనుక నేనూ చెబుతాను. ఇక్కడికి రాకముందు మేము ఫ్లాటులో ఉండేవాళ్లం. మా కుక్క మొరిగిన ప్రతిసారీ సంఘం నుంచి నోటీసు, పైగా పోలీసు ఫిర్యాదు. నెలలు పట్టే శిక్షణ గురించి వివరిస్తే వినేవాళ్లు ఒక్కరూ లేరు. ఆ వారంలో దాని నోరు ఆగకపోతే ఇంట్లోంచి పంపేయవలసి వచ్చేది. గొలుసు వల్లనే అది చివరిదాకా మా ఇంట్లో ఉంది. డాక్టరుగారు అడుగుతున్న వ్యవధి కుక్కకు ఎవరిస్తారు?

రాజేంద్రనగర్ పశువైద్యుడు:
ఇది సరైన ప్రశ్న, మనం ముందే అడగవలసింది. కుక్కకు దూరం కావాలి, నెలలు కావాలి. ఆరడుగుల లిఫ్టులో ఆ దూరం ఉండదు, ఆ నెలల పాటు ఎదుటివారు ప్రమాదం భరించవలసిన పనీ లేదు. ఆ భారం యజమానిదే. ఎద్దు మూతికి కట్టే చిక్కంలాంటి బుట్ట మజిల్ గౌరికి అలవాటు చేయండి, అప్పటిదాకా మెట్లు గాని సర్వీసు లిఫ్టు గాని వాడండి. తలుపు తెరుచుకున్నప్పుడు లోపల మనిషి ఉంటే ఎక్కకండి. శిక్షణ లిఫ్టులో వద్దు. ఉదయం రద్దీ లేని వేళ పార్కింగులోనో, మైదానం అంచునో చేయండి. వీధికుక్కలు అడ్డుపడే చోట ఇంట్లోనే పాత దుప్పటి మడతల్లో ముక్కలు దాచి వాసనతో వెతికించినా, తనంతట తాను సాధించడం అలవాటై కుక్క కుదుటపడుతుంది. భయం మరీ ఎక్కువగా ఉన్న కుక్కలకు శిక్షణతో పాటు మందులు కూడా ఇస్తాం.

కొండాపూర్ నివాసిని:
మజిల్ వేస్తే అందరూ దాన్ని కరిచే కుక్క అనే అంటారు. అందుకే ఇన్నాళ్లూ వద్దనుకున్నాను.

ఎల్బీనగర్ తండ్రి:
అనుకుంటే అనుకోనివ్వండి అమ్మా. మా పక్కింటివారు ఆ రోజు మజిల్ వేసి ఉంటే నేను ఈ చర్చలోకి వచ్చేవాణ్ణే కాను. మీరు వేయండి, మీ సంఘం ఎదుట మీ తరఫున మాట్లాడమన్నా మాట్లాడతాను.

కొండాపూర్ నివాసిని:
వేస్తాను. మరి మా బ్లాకు పిల్లలు గౌరిని చూడగానే పరుగున వచ్చి తల మీద చేయి వేస్తున్నారు, దాన్ని ఆపమని కూడా మీరే సంఘానికి చెప్పాలి.

ఎల్బీనగర్ తండ్రి:
తప్పకుండా చెబుతాను. మా పాపకు కూడా అదే నేర్పాను.

సైనిక్‌పురి మాజీ సైనికుడు:
మూతికి బుట్ట ఉంటే ముక్క ఎలా పెడతారు?

రాజేంద్రనగర్ పశువైద్యుడు:
బుట్ట ఊచల మధ్య ఖాళీలోంచి సన్నగా తరిగిన ముక్క అందుతుంది. ముందు బుట్ట అడుగున ముక్కలు వేసి పట్టుకుంటే కుక్క తానే మూతి పెడుతుంది. కొద్ది రోజులు అలా తిన్నాకే పట్టీ బిగించాలి. లోపల నోరు పూర్తిగా తెరిచి రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి. దుకాణంలో చవకగా దొరికే గుడ్డ మజిల్ మాత్రం కొనకండి, అది నోరు మూసేస్తుంది. హైదరాబాద్ ఎండల్లో రొప్పలేని కుక్కకు వడదెబ్బ తగులుతుంది.