సముద్రపు ఒడ్డున గాలం వేయడానికి ఏ రోజు, ఏ వేళ మంచిది?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
అందరికీ నమస్కారం. ధర్మసాగరంలో, పాకాలలో గాలం వేయడం మాకు అలవాటే. కార్తీక మాసంలో బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళ్తున్నాం. మన చెరువుల్లో అయితే తెల్లవారుజామున, పొద్దు గూకే వేళ కూర్చుంటే చాలు. అక్కడ ఆటుపోట్లు చూసుకోవాలంటున్నారు. ఎలా చూసుకోవాలి? మబ్బు పడితే మంచిదా? పౌర్ణమి నాడు సెలవు ఉంది, ఆ రోజు వెళ్లవచ్చా?

జవాబు (కాజీపేట నుంచి, స్వస్థలం నిజాంపట్నం వైపు):
తమ్ముడూ, కార్తీక పౌర్ణమి నాడు మాత్రం వద్దు. ఆ రోజు సూర్యలంకలో సముద్ర స్నానాలకు జనం పోటెత్తుతారు. అంతమంది మధ్య గాలం విసరడం ప్రమాదం. రెండు రోజులు ఆగి వెళ్లండి. పోటు బలం పౌర్ణమితోనే తగ్గిపోదు, తర్వాత ఒకటి రెండు రోజులు కూడా బాగానే ఉంటుంది.

అక్కడ వేళ కన్నా నీటి కదలిక ముఖ్యం. పాకాల మత్తడి దూకినప్పుడు చేపలు ఆ పారే నీటి అంచున ఎలా కాపు వేస్తాయో మీకు తెలుసు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర జరిగేదీ అదే. ఆటు, అంటే నీరు వెనక్కి తీయడం, మొదలవగానే ఏటిలోని రొయ్య పిల్లలు, చిన్న చేపలు నీటితో పాటు బయటికి కొట్టుకొస్తాయి. పండుగప్ప, మాగ లాంటి వేట చేపలు వాటి కోసం మొగ అంచున నిలబడతాయి. అందుకని మొగ దగ్గర అయితే నీరు తీయడం మొదలైన తొలి రెండు గంటలు వదులుకోవద్దు. ఇసుక ఒడ్డున మాత్రం పోటు ఎక్కుతున్న చివరి సగం మంచిది. అలలు ఇసుకను కోసి పురుగులను, చిన్న పీతలను బయటపెడతాయి, వాటి కోసం చేప ఒడ్డుకు చేరుతుంది. నీరు నిలిచిన కాసేపు ఎర మార్చుకోండి.

లెక్క తేలికే. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. గోడ క్యాలెండరులో తిథి చూడండి: అమావాస్య, పౌర్ణమిలకు పోటు పెద్దది, అష్టమి ప్రాంతంలో చిన్నది, నీరు మందంగా కదులుతుంది. కచ్చితమైన వేళలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వెబ్‌సైటులో దొరుకుతాయి. ఏటి లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుందని గుర్తుంచుకోండి.

ఇక మబ్బు సంగతి. మబ్బు పడితే వెలుగు తగ్గి చేప లోతు తక్కువ నీటిలోకి ధైర్యంగా వస్తుంది, మంచిదే. కానీ నేను మబ్బు కన్నా గాలినే ఎక్కువ చూస్తాను. సముద్రం మీద నుంచి ఒడ్డుకు రెండు రోజులు గట్టిగా వీస్తే నీరు బురదగా మారుతుంది, కంటితో వేటాడే చేప పక్కకు తప్పుకుంటుంది. గాలి తగ్గి, నీరు కాస్త తేరుకుంటూ ఇంకా కొద్దిగా మసకగా ఉన్న రోజు దొరికితే వదలకండి. తెల్లవారుజామున నేల గాలి వీస్తే అలలు నెమ్మదిస్తాయి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది. గాలి బలంగా ఉంటే పట్టికలోని వేళకు నీరు తీయకపోవచ్చు కూడా.

కార్తీకం తుపాన్ల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ రోజుల్లోనే వచ్చింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినగానే ప్రయాణం వాయిదా వేయండి. ఆకాశం ఇక్కడ నిర్మలంగా ఉన్నా అక్కడ అలలు ముందే పెరుగుతాయి.

ప్రశ్న (హనుమకొండ నుంచి):
చాలా ఉపయోగపడింది అన్నా. నీటిలో దిగి నిలబడి వేయవచ్చా?

జవాబు (కాజీపేట నుంచి):
మోకాలి లోతు దాటవద్దు. రెండు వైపులా అలలు విరుగుతూ మధ్యలో ఒక పాయ మాత్రం ప్రశాంతంగా, ముదురు రంగులో కనిపిస్తే అది నిజానికి నీరు సముద్రంలోకి లాగే చోటు. చూడడానికి ఈతకు అనువుగా ఉంటుంది, అందుకే కొత్తవాళ్లు అక్కడే దిగుతారు. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది లాగుడు దాటాలి. మెరుపు కనిపిస్తే కార్బన్ గాలపు కర్రను కింద పెట్టి ఒడ్డు వదిలి వెళ్లిపోండి, ఎంత పెద్ద చేప తగిలినా సరే.