లాంచియా ఆరేలియా బీ20 జీటీ: ఏ సిరీసో ఎలా తేల్చాలి?

అందరికీ నమస్కారం. నేను టురిన్‌లో మెకానికల్ చదువుతున్నాను. మా ఇంటి ఓనరు పెద్దాయన షెడ్డులో ఇరవై ఏళ్లుగా ఆరేలియా బీ20 జీటీ అనే పాత ఇటాలియన్ కారు ఒకటి దుప్పటి కప్పుకుని పడి ఉంది. ఇంజనీరింగ్ కుర్రాణ్ణి కదా అని, అది ఏ సిరీసో (అంటే మార్పులు చేస్తూ విడతలుగా తెచ్చిన మోడళ్లలో ఏదో) చూడమని నాకు అప్పగించారు. నేను విప్పి చూసిన కారు మా నాన్న అంబాసిడర్ ఒక్కటే!

ఛాసిస్ నంబరు బీ20ఎస్ అని మొదలవుతోంది. ఎస్ అంటే సినిస్త్రా, ఇటాలియన్‌లో ఎడమ. స్టీరింగ్ కూడా ఎడమవైపే ఉంది. (1951లో ఈ కారు వచ్చినప్పుడు స్టీరింగ్ మనలాగే కుడివైపు ఉండేది, భలే ఆశ్చర్యం వేసింది.) కిందికి దూరి చూస్తే వెనక డి డియాన్ గొట్టం (రెండు వెనక చక్రాలనీ కలిపే గొట్టం) కనిపించింది. అంటే 1954లో మొదలైన నాలుగో సిరీస్ కంటే పాతది కాదు. ఇంజన్ 2,451 సీసీ వీ6. అది మూడో సిరీస్ నుంచీ ఉన్నదే కాబట్టి దానితో ఏమీ తేలదు. మరి నాలుగు, ఐదు, ఆరు సిరీస్‌ల మధ్య తేడా ఎక్కడ చూడాలి?

ఇంకోటి. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, రెండు రోజులాగి ఇంజన్ చేత్తో తిప్పుదామనుకుంటున్నాను. కానీ ఇందులో గేర్‌బాక్సే కాదు, క్లచ్ కూడా వెనకే ఉంది. క్లచ్ తొక్కినా సరే, ఇంజన్‌తోపాటు దాన్నుంచి వెనక్కి వెళ్లే పొడవాటి షాఫ్టూ తిరుగుతుంది. ఇన్నేళ్లు కదలని షాఫ్టుకి ముందు ఏమైనా చేయాలా? పెద్దాయన రోజూ అడుగుతున్నారు, నాకేమో టెన్షన్. ఇలాంటి పాత బండ్లు లేపిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.