“హంతు రశ్మిభిః”: నడుమ మాట ఏది?

వేకువ: చర్మ లీష్మేనియాసిస్‌కి, అంటే లీష్మేనియా అనే పరాన్నజీవి వల్ల చర్మం మీద లేచే పుండ్లకి, కాంతి చికిత్స మీద వ్యాసం రాస్తున్నా. పుండు మీద అమైనోలెవ్యులినిక్ ఆమ్లం పూసి, వెలుతురు సోకకుండా కట్టు కట్టి, కొన్ని గంటలాగి ఎర్రకాంతి పడనిస్తారు. మొదట్లో అథర్వవేదం ముక్క పెడదామని. “ఉద్యన్నాదిత్యః క్రిమీన్ హంతు... హంతు రశ్మిభిః”. నడుమ మాట నోటికి రావట్లేదు.

పాతప్రతి: “నిమ్రోచన్”. ఉదయిస్తూ చంపుగాక, అస్తమిస్తూ చంపుగాక. రెండో కాండ, 32వ సూక్తం. ‘కృమీన్’ అని దిద్దబోకండి.

ఘకారప్రియ: నిమ్లోచన్ కాదూ? భాగవతంలో పడమటి వరుణపురి నిమ్లోచనీయేగా.

పాతప్రతి: పురాణపు లకారాన్ని వేదానికి అంటగట్టొద్దు.

ఘకారప్రియ: రలయోరభేదః, ర-లకు భేదం లేదని మీరే అంటుంటారు!

సూక్ష్మదర్శిని: అసలు తగువు మూడో పాదంలో ఉంది. “యే అంతః క్రిమయో గవి”, ‘గోవు లోపలున్న క్రిములు’. గో అంటే కిరణం, భూమి, ఇంద్రియం కూడా. నా లెక్కన ‘ఒంట్లో’. లీష్మేనియా దాక్కునేది మన ఒంటిని కాచే మాక్రోఫేజ్ కణాల్లోనే.

పాతప్రతి: ఆవు ఆవే. నిఘంటువులో ఉన్న అర్థాలన్నీ వాడేస్తామా?

వేకువ: నాకు ‘అంతః’ పనికొస్తుంది. పూసిన మందుతో, కాంతికి స్పందించే ప్రోటోపార్ఫిరిన్ తయారుచేసుకునే ఎంజైములు ఆ పరాన్నజీవికి చాలామటుకు లేవు. చేసేది మన కణాలే. 630 నానోమీటర్ల ఎరుపు తగలగానే అక్కడ పుట్టే ఉగ్ర ఆక్సిజన్‌కి ముందు ఇల్లు కూలుతుంది, తర్వాతే అద్దెవాడి సంగతి.

ఘకారప్రియ: ఆహా, సూర్యశతకం రాసిన మయూరుడు గుర్తొచ్చాడు! “శీర్ణఘ్రాణాంఘ్రిపాణీన్ వ్రణిభిరపఘనైర్ఘర్ఘరావ్యక్తఘోషాన్”... ముక్కూ కాళ్లూ చేతులూ శిథిలమై, ఒళ్లంతా పుళ్లయి, గొంతు గరగరలాడేవాళ్ల గురించి. ఈ శ్లోకానికే సూర్యుడు దిగొచ్చి కుష్ఠు పోగొట్టాడంటారు. అందులో ‘ఘృణయః’ కిరణాలు, ‘ఘనఘృణా’లో ఘృణ దయ. మనమేమో ఏవగింపు చేసి కూర్చున్నాం.

సూక్ష్మదర్శిని: కుష్ఠు బాక్టీరియా జబ్బండీ. డెన్మార్క్ వైద్యుడు ఫిన్సెన్‌కి 1903లో నోబెల్ తెచ్చిన కాంతి చికిత్సా చర్మక్షయకే, అదీ బాక్టీరియానే. వరసలు కలపకండి.

పాతప్రతి: కావ్యప్రకాశం రాసిన మమ్మటుడు మయూరుడి పేరెత్తి “అనర్థనివారణం”, కీడు తొలగడం, అని ఊరుకున్నాడు. కుష్ఠు కథ వ్యాఖ్యాతలు చెప్పుకున్నది.

వేకువ: ఇంతకీ రేఫా, లకారమా?

పాతప్రతి: రేఫే. అంత బెంగగా ఉంటే ఐదో కాండకు పోండి: “విశ్వదృష్టో అదృష్టహా”. అందరికీ కనబడేవాడు, కంటికానని వాటిని చంపేవాడు.

ఘకారప్రియ: జనం ‘అదృష్టాన్ని చంపేవాడు’ అని చదువుతారు!

సూక్ష్మదర్శిని: తర్వాతి పాదం కూడా వేయండి, “దృష్టాంశ్చ ఘ్నన్నదృష్టాంశ్చ”, కనబడేవాటినీ కనబడనివాటినీ చంపుతూ. ఘకారం కూడా ఉంది, ఆయనకి సరిపోతుంది.

ఘకారప్రియ: ఒక్కటా?